మిషన్లకు సెలవు

తప్పు నాది. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఆ బుధవారం తిరుపతి ఆఫీసులో కూర్చుని నేను చేసిన పనుల్లో సగం పనికిరానివి, మిగతా సగం ఆలస్యంగా చేసినవి. అయినా ఆ పొద్దున ఎవరైనా వచ్చి నీ సిస్టంలో లోపం ఉందంటే వాళ్ళ మీద ఇంతెత్తున లేచి ఉండేదాన్ని.

మాది చిన్న సర్వీసు. ఊపిరితిత్తులు దెబ్బతిని, ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టుకుని బతికేవాళ్ళు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మా దగ్గర రెండువందల మంది దాకా ఉన్నారు. మిషను గాలిలోంచి ఆక్సిజన్ తీసి గొట్టంలో ముక్కుకు పంపిస్తుంది. నడిచేది కరెంటు మీద. అది ఆగితే మనిషికి గండం. అందుకని ప్రతి మిషనుకూ సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తగిలించాం. అందులో ఒక సిమ్ము, చిన్న బ్యాటరీ ఉంటాయి. మిషను ఆగిన పది సెకన్లలో ఆ డబ్బా మాకు కబురు పెడుతుంది. సిలిండర్లు వేసుకుని తిరిగే బండ్లలో ఏది దగ్గరగా ఉందో మా సాఫ్ట్‌వేర్ చూసి, ఆ డ్రైవరును పంపిస్తుంది. డ్రైవరు ఫోను సైలెంటులో ఉన్నా సరే, మా సైరన్ మాత్రం మోగుతుంది.

ఆ చూసి పంపే పనిని ఒకే కంప్యూటరు మీద పెడితే, అది పడుకున్నరోజు అందరూ పోతారు. అందుకే మూడు చోట్ల పెట్టాను. ఒకటి మా ఆఫీసులో. రెండోది చిత్తూరులో మునిశేఖర్ సిలిండర్ల డిపోలో. మూడోది రేణిగుంటలో సలావుద్దీన్ లేత్ షెడ్డులో. మూడు ఊళ్ళు, మూడు కరెంటు లైన్లు, మూడు వేర్వేరు ఇంటర్నెట్ కంపెనీలు. ఆ మూడూ రెండు సెకన్లకోసారి ‘నేనున్నాను’ అని ఒకదానికొకటి చెప్పుకుంటూ ఉంటాయి. అలారం వచ్చినప్పుడు మూడింటిలో కనీసం రెండు ఒక మాట మీదికి రావాలి. అప్పుడుగానీ బండి కదలదు.

ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. మొదటి ఏడాది అలాంటి నియమం లేనప్పుడు, ఒక గాలివాన రోజు లైను తెగి, ఏ కంప్యూటరుకు ఆ కంప్యూటరు తానొక్కటే మిగిలానని అనుకుంది. రెండు బండ్లు ఒకే ఇంటికి పోయాయి. పుత్తూరులో ఇంకో ఇంటికి బండే లేకుండా పోయింది. ఆ ఇంటి పెద్దాయన కూతురు గంటన్నర సేపు నాతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. ఆయన బతికాడు. నాకు మాత్రం ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది. ఆ తర్వాతే ఒక్క కంప్యూటరు ఒంటరిగా ఏదీ నిర్ణయించకుండా కట్టేశాను. దొడ్డిదారి కూడా ఉంచలేదు. ఉంచితే కంగారులో ఎవరో ఒకరు తెరుస్తారు, ఆ ఎవరో నేనే అవుతానని నాకు తెలుసు.

ఆయుధపూజ సంగతి కూడా నేను మరిచిపోలేదు. చిత్తూరులో పుట్టినదాన్ని, ఎలా మరుస్తాను? మహర్నవమి రోజు మా వైపు పానా నుంచి రోడ్డురోలరు దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పడుతుంది. పూజలో పెట్టిన పనిముట్టును మళ్ళీ హారతి అయ్యేదాకా ముట్టరు. మునిశేఖర్ ఎంత ఒట్టు వేసినా ఆరోజు కంప్యూటరు ఆపుతాడని నాకు ముందే తెలుసు. అందుకే మూడో కంప్యూటరు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు బాగా ఆలోచించాను. ప్రేమానందం గారు తెలిసిన కిరాణా కొట్టు పేరు చెప్పారు. ఈయన టెలిఫోన్ డిపార్టుమెంటులో ముప్పై రెండేళ్ళు లైన్‌మన్‌గా చేసి రిటైరై, నా దగ్గర వైర్లూ డబ్బాలూ చూసుకుంటున్న మనిషి. నేను వద్దన్నాను. సలావుద్దీన్ షెడ్డులో అయితే పూజ గొడవ ఉండదు, చిత్తూరు పడుకున్నా తిరుపతి, రేణిగుంట రెండూ లేచే ఉంటాయి అన్నాను. ప్రేమానందం గారు ఏదో అనబోయి ఊరుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదీ నలభై ఆరుకు చిత్తూరు కంప్యూటరు ఆగిపోయింది. తెర మీద పచ్చచుక్క ఎర్రబడింది.

“మునిశేఖర్ పూజలో కూర్చున్నాడు,” అన్నాను ప్రేమానందం గారితో. నవ్వాను కూడా.

పదీ యాభై ఒకటికి రేణిగుంట కూడా ఎర్రబడింది. ఈసారి నవ్వు రాలేదు.

మిగిలింది మా ఆఫీసుది ఒక్కటే. అది కూడా పొద్దున ప్రేమానందం గారు కుంకుమ గిన్నె పట్టుకుని దాని దగ్గరికి పోతుంటే, “బొట్టు పెట్టుకోండి గానీ స్విచ్చి ముట్టుకున్నారంటే ఊరుకోను” అని నేను అరిచినందుకు మిగిలింది. పెద్దాయన చిన్నబుచ్చుకుని, కంప్యూటరుకు బొట్టు పెట్టి, పైన ఒక చామంతి పువ్వు పెట్టి వచ్చేశారు.

రేణిగుంట ఎందుకు ఆగింది? ముందురోజు సాయంత్రం నేను ఒక చిన్న మార్పు ఎక్కించాను. దాంట్లో ఏమైనా పురుగు ఉందా? రేణిగుంట రోడ్డు తవ్వుతున్నారు, కేబులు తెంపారా? కూర్చుని లాగులు తెరిచాను. లాగు అంటే కంప్యూటరు తాను చేసిన ప్రతి పనినీ వరసగా రాసిపెట్టుకునే దస్త్రం. రేణిగుంట చివరిసారి పంపిన వరసలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు, పదీ యాభై ఐదుకు, అలారం వచ్చింది.

శకుంతలమ్మ, గిరింపేట, చిత్తూరు. మిషను ఆగింది.

ఆమె నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు గిరింపేటలో జాకెట్లు కుట్టిన మనిషి. చిన్నప్పుడు నా పట్టుపావడా ఆమే కుట్టింది. కరోనా వచ్చి పోయాక ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, కుట్టుమిషను మూల పడింది, ఆక్సిజన్ మిషను మంచం పక్కకు చేరింది. పిల్లలు లేరు. చెల్లెలూ తనూ ఉంటారు. ముక్కుకు గొట్టం లేకుండా పది నిమిషాలు కూడా ఆమె సుఖంగా కూర్చోలేదని డాక్టరు రాసిన కాగితం మా దగ్గర ఉంది.

తెర మీద మా కంప్యూటరు ఒకే వరస మళ్ళీ మళ్ళీ రాస్తోంది. రెండో మాట రాలేదు. ఎదురుచూస్తున్నాను. రెండో మాట రాలేదు. ఎదురుచూస్తున్నాను. ఆ వరస రాసింది నేనే. ఆ రోజు దాన్ని చూస్తుంటే కంప్యూటరును ఎత్తి కింద కొట్టాలనిపించింది.

శకుంతలమ్మకు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. చెల్లెలి ఫోను స్విచ్చాఫ్. అంబులెన్సుకు చేశాను. దగ్గరి బండి ఘాట్‌రోడ్డులో యాక్సిడెంటు దగ్గర ఉంది, ఇంకొకటి పంపిస్తాం, యాభై నిమిషాలు పట్టవచ్చు అంది అవతలి అమ్మాయి. పాపం మర్యాదగానే చెప్పింది. మునిశేఖర్ స్విచ్చాఫ్. చిత్తూరు వైపు డ్రైవర్లు ఆరుగురు. ముగ్గురివి స్విచ్చాఫ్, ముగ్గురు ఎత్తలేదు. మా ఊళ్ళో ఇప్పుడు ఫోన్లను కూడా పళ్ళెంలో పెట్టి పూజ చేస్తున్నారన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

“రేణిగుంటకు చేస్తానమ్మా,” అన్నారు ప్రేమానందం గారు.

“చేయండి. కేబులే తెగింది. లేకపోతే నిన్న నేను ఎక్కించిందే కొంప ముంచింది.”

“కేబులు కాదేమో సుజనమ్మా. ఈ పొద్దు...”

“ఆయన సలావుద్దీన్ అండీ. ఆయనకు పూజేంది?”

ప్రేమానందం గారు నావైపు ఒకసారి చూసి, సలావుద్దీన్ సెల్లుకు కొట్టారు. ఎత్తలేదు. మళ్ళీ కొట్టారు. నేను లాగుల్లో తలదూర్చాను. నిన్న మార్చిన ప్రతి అక్షరం మళ్ళీ చదివాను. కళ్ళు చదువుతున్నాయి, బుర్ర గిరింపేటలో ఉంది. ఆ మంచం, ఆ కిటికీ, కిటికీ కింద ఎవరూ లేని కుట్టుమిషను. పదకొండూ ఐదు. పదకొండూ ఆరు. పుత్తూరు కూతురి గొంతు మళ్ళీ వినబడింది, ‘అక్కా, నాయన గోర్లు నల్లబడతా ఉండాయి’ అని.

బయట వీధిలో ఎవరో గుమ్మడికాయ పగలగొట్టారు. ధన్‌మని శబ్దం. ఆ వెంటనే గంట, కర్పూరం వాసన. మా ఎదురుగా టైర్ల కొట్టు. దాని పక్కన జిరాక్సు. దాని పక్కన రంపాల మిల్లు. అన్నిటి షట్టర్లూ సగానికి దించి ఉన్నాయి. మూడిట్లోనూ గోడ మీద ఒకటే క్యాలెండరు ఉంటుంది, పోయిన జనవరిలో నగల కొట్టువాడు తిరుపతి, రేణిగుంట, చిత్తూరు అంతటా పంచింది. మా ఆఫీసులోనూ అదే. లేచి వెళ్ళి చూశాను. ఆయుధపూజ, పదీ నలభై ఐదు మొదలు పదకొండున్నర వరకు మంచిది. పన్నెండుకు రాహుకాలం.

మూడు కరెంటు లైన్లు పెట్టాను. మూడు ఇంటర్నెట్ కంపెనీలు పెట్టాను. ఆ మూడు చోట్లా గోడ మీద ఒకే క్యాలెండరు ఉంది.

“షెడ్డులో ల్యాండ్‌లైన్ ఉండాదమ్మా,” అన్నారు ప్రేమానందం గారు.

“ఈ కాలంలోనా?”

“గోడకు కొట్టిన ఫోను. కనెక్షన్ ఇచ్చింది నేనే. నంబరు గుర్తుండాది. గోడ మీదిది పళ్ళెంలో పెట్టలేరు గదా.”

కాగితం చూడకుండా ఆయన నొక్కారు. నాలుగోసారి మోగాక ఎవరో ఎత్తారు. ప్రేమానందం గారు ఫోను నా చేతికిచ్చారు. అవతల గంట మోగుతోంది, పదిమంది గొంతులు వినబడుతున్నాయి.

“సలావుద్దీన్ గారూ, నేను సుజనను. మన కంప్యూటరు ఆగిపోయింది, ఏమైంది?”

“ఆగిపోలేదు మేడం, మేమే ఆపినాం,” అన్నాడాయన సంతోషంగా. “లేతులతో పాటు దానికీ పూజ చేసినాం. కడిగి తుడిచి బొట్టు పెట్టి దండ కూడా ఏసినాం. హారతి అయిపోతాండాది. పన్నెండు లోపల మళ్ళా ఆన్ చేస్తాం.”

“మీరు... పూజ చేస్తారా?”

ఆ ప్రశ్న నోట్లోంచి రాగానే నాకే సిగ్గేసింది.

“మా నాయన కాలం నుంచీ చేస్తా ఉండాం మేడం. షెడ్డులో తొమ్మిదిమంది పన్జేస్తారు. గుమ్మడికాయ నేనే తెస్తా ప్రతి ఏడూ. మీరెప్పుడూ అడగలేదు గదా.”

“సలావుద్దీన్ గారూ, చిత్తూరులో ఒకామెకు ఊపిరాడటం లేదు. మీ దగ్గరిది ఆన్ కాకపోతే బండి కదలదు.”

ఆయన ఇంక ఏమీ అడగలేదు. ఫోను కింద పెట్టకుండానే పక్కకు తిరిగి గట్టిగా చెప్పాడు. ఎవరో పెద్దాయన గొంతు, “హారతి కాకుండా ఎత్తగూడదప్పా” అంది. “ఆమెకు ఊపిరాడలేదంట మామా, తర్వాత మళ్ళా చేస్తాం, జరుగు” అన్నాడు సలావుద్దీన్. దండ తీస్తున్న చప్పుడు, పళ్ళెం పక్కకు జరిపిన చప్పుడు.

“మేడం, ఒక మాట. పసుపునీళ్ళు చల్లినాం. కొంచెం స్విచ్చి మీద కూడా పడినాయి.”

తడి స్విచ్చి వేస్తే ఆయనకు షాకు కొడుతుంది, లేకపోతే కంప్యూటరు కాలిపోతుంది. రెండూ జరగొచ్చు. వేయమనాలా వద్దా? ఇక్కడ రెండో మాట చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆ నిమిషం నేను ఒక్కదాన్నే నిర్ణయించాలి. ఏ కంప్యూటరునూ నేను చేయనివ్వని పని అది.

“గుడ్డతో బాగా తుడవండి. చెప్పులు వేసుకోండి. ఇంకో ప్లగ్గులో పెట్టండి,” అన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ళది లాగా వినబడింది.

“చెప్పులా, పూజ కాడ...” అన్నాడు ఎవరో. సలావుద్దీన్ అతన్ని కసురుకున్నాడు.

ఆ కంప్యూటరు లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. దాన్ని రెండు నిమిషాలకు తగ్గించాలని ఏడాదిగా అనుకుంటున్నాను. నెలనెలా వాయిదా వేస్తున్నాను. ఆ నాలుగు నిమిషాలు ఫోను చెవికి పెట్టుకుని, తెర మీద రెండో చుక్క వైపు చూస్తూ నిలబడ్డాను. ప్రేమానందం గారు ఇంకో ఫోనులో శకుంతలమ్మకు కొడుతూనే ఉన్నారు. సలావుద్దీన్ మధ్యమధ్య “లైటు ఎలిగింది మేడం”, “ఫ్యాను తిరగతాండాది మేడం” అని చెబుతున్నాడు.

పదకొండూ పద్నాలుగుకు రేణిగుంట చుక్క పచ్చబడింది. అదే సెకనులో తిరుపతి, రేణిగుంట ఒక మాట మీదికి వచ్చాయి. బండి ఖరారైంది. భానుచందర్, కాణిపాకం.

భానుచందర్ తన బండికి పూజ చేయించడానికి కాణిపాకం గుడి ముందు వరసలో నిలబడి ఉన్నాడు. గుడి కాబట్టి ఫోను సైలెంటులో పెట్టాడు. నేను చేసిన నాలుగు కాల్సూ అందుకే వినబడలేదు. మా సైరన్ మోగేసరికి వరసలో వాళ్ళందరూ ఉలిక్కిపడ్డారట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి, పూజారి ఇంకా రాలేదు. వాటి మీద నుంచే బండి పోనిచ్చాడు.

మ్యాపు మీద అతని చుక్క కదిలింది. అంతకుముందు నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు, అప్పుడు అడిగాను. వినాయకుడి ముందు నుంచి బండి తీసుకుపోయినందుకు ఆయన కోపం తెచ్చుకోకూడదని అడిగాను. చుక్క ఒకచోట మూడు నిమిషాలు ఆగింది. ఊరేగింపు అడ్డం వచ్చిందేమో. నేను గోరు కొరికి రక్తం తెచ్చుకున్నాను. చుక్క మళ్ళీ కదిలింది.

పదకొండూ ముప్పై ఆరుకు ఫోను మోగింది.

“అక్కా, లోపలికొచ్చినా. తలుపు దగ్గరికేసి ఉండాది. ఆమె కింద కూచోనుండాది, మంచానికి ఆనుకోని. పెదాలు నల్లగుండాయి. సిలిండరు పెట్టేసినా.”

“ఊపిరి?”

“ఉండు అక్కా.” సిలిండరు బుస ఒక్కటే వినబడుతోంది. “తీసుకుంటాండాది. కండ్లు తెరిసింది. నన్ను సూస్తాండాది.”

నేను కుర్చీలో కూలబడ్డాను. ప్రేమానందం గారు నీళ్ళ గ్లాసు పెట్టి పక్కకు తిరిగారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదని అనుకున్నారు.

“భానూ, కరెంటు ఎప్పుడు పోయిందంట?”

“కరెంటు పోలేదక్కా. ఫ్యాను తిరగతానే ఉండాది.” “ప్లగ్గు పీకి ఉండాది. మిషనుకు పసుపు పూసి బొట్లు పెట్టి ఉండాది. కనకాంబరాల దండ ఏసి ఉండాది. కరెంటు పోతే వాడుకోమని మనమిచ్చిన చిన్న సిలిండరు కీ కూడా పళ్ళెంలో ఉండాది.”

సాయంత్రం బస్సు ఎక్కి చిత్తూరు వెళ్ళాను. ఆసుపత్రిలో శకుంతలమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, మూతికి మాస్కు. గుడి నుంచి వచ్చిన చెల్లెలు పక్కన కూర్చుని ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. దారి పొడుగునా నేను కోపం కూడగట్టుకుని వచ్చాను. ఆ మిషనును ఎప్పుడూ ఆపొద్దని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చామే, చదవలేదా అని గట్టిగా అడగాలనుకున్నాను. ఆమె ముఖం చూశాక ఆ మాటలు రాలేదు.

“ఎందుకమ్మా అలా చేశావు?” అన్నాను.

ఆమె మాస్కు కొంచెం పక్కకు జరిపి, ఊపిరి అందినంత మేరకు చెప్పింది. “ముప్పై ఏండ్లు కుట్టుమిషనుకు చేసినాను... ఇప్పుడు నా మిషను ఇదే గదా. రేయీ పగలూ నాకోసరం తిరగతానే ఉండాది. లోకంలో అన్నిటికీ ఈ పొద్దు సెలవు... దానికొక్క పది నిముషాలు ఇయ్యకపోతే ఎట్ల?”

“మళ్ళీ వెయ్యలేకపోయావా?”

“హారతి ఇచ్చినాను. పొగకు దగ్గొచ్చింది. ప్లగ్గు మంచం కింద. వంగలేకపోయినానమ్మా.” కాసేపు మాస్కు పెట్టుకుంది. మళ్ళీ తీసింది. “నీకు అగసాట్లు తెచ్చిపెట్టినానా?”

పొద్దున నుంచి నేను సలావుద్దీన్‌ను ఏమనుకున్నానో, మునిశేఖర్‌ను ఏమనుకున్నానో, ప్రేమానందం గారి మీద ఎలా అరిచానో అన్నీ గుర్తొచ్చాయి. వీళ్ళలో ఒక్కరినైనా పూజ ఎప్పుడు చేసుకుంటారని అడిగిన పాపాన పోలేదు. వద్దని చెప్పడమే నాకు తెలుసు. ఫోను తీసి ఒక చిట్టా మొదలుపెట్టాను. తిరుపతి, ముందురోజు సాయంత్రం. రేణిగుంట, నవమి పొద్దున ఏడుకు. చిత్తూరు, పదీ నలభై ఐదు. ఒకదాని తర్వాత ఒకటి. ఏ రెండూ కలవకూడదు. మునిశేఖర్‌నూ సలావుద్దీన్‌నూ అడిగి ఖాయం చేసుకోవాలి.

“వచ్చే ఏడాది నువ్వు ఎన్ని గంటలకు చేస్తావు?” అని అడిగాను.

ఆమె నావైపు అనుమానంగా చూసింది. తిడతానేమోనని అనుకున్నట్టుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళ మీద సూది గుచ్చుకున్న గీతలు ఇంకా ఉన్నాయి, గోళ్ళ చుట్టూ పసుపు ఉంది.

“నువ్వొచ్చినప్పుడు చేస్తా,” అంది శకుంతలమ్మ. “నా పక్కన కూచో. హారతి నేనిస్తా, స్విచ్చి నువ్వెయ్యి.”

సరేనన్నాను. చిట్టాలో ఆమె పేరు రాసి, దాని పక్కన నా పేరు కూడా రాసుకున్నాను.